నాగరాణి చూసిన ఐదు ఊళ్ల గాలి

ఎగ్జిబిషన్ నుంచి తిరిగొచ్చినప్పుడల్లా నాగరాణి మూట విప్పి, అమ్ముడుపోని బట్టల్లోంచి తెల్ల దుప్పట్టాను ఏరి తీసి, వాకిట్లో ఎండకు పట్టి చూసేది. దుకాణంలో రోజుల తరబడి మడత మీద ఉన్న బట్టకు ఆ మడత అంచు పొడవునా ఒక గీత పడుతుంది. ఆ గీత రంగును బట్టి ఆ ఊరి గాలి ఎట్లాంటిదో చెప్పేది. ఢాకా గీత ఇటుకపొడి కలిసిన మట్టిరంగు. ఢిల్లీ గీత పెన్సిల్ ముక్కతో రుద్దినట్లు నల్లన. కొలంబో నుంచి వచ్చిన బట్టకు గీతే లేదు. సముద్రపు తేమకు కొంచెం ముక్కిన వాసన వచ్చింది, అంతే.

“మనుషులు తమ ఊరి ముచ్చట ఉన్నదున్నట్టు చెప్పరు వదినె. బట్ట చెప్తది,” అనేది.

బట్టకు కూడా చిక్కనిది ఒకటి గాలిలో ఉంటుందని మాకు ఆలస్యంగా తెలిసింది.

నాగరాణి నా ఆడబిడ్డ, మా ఆయన రఘుపతికి చెల్లెలు. మాది పుట్టపాక. నేతపని చేసుకునేవాళ్లం. మా ఇంట్లో నేసేది తేలియా రుమాళ్లు. ఎరుపు, నలుపు, తెలుపు మూడే రంగులు. నూలును రంగులో ముంచే ముందు నూనెలో నానబెట్టడం వల్ల ఆ పేరు. ఆముదపు కాయల పొట్టు కాల్చి, ఆ బూడిదను నీళ్లలో కలిపి తేర్చి, నూనె కలిపి, అందులో నూలు వేసి రోజూ చేత్తో పిసికి ఎండబెట్టాలి. ఆ పని నాది. ఎన్నిసార్లు చేయి కడుక్కున్నా ఆ వాసన పోదు. మా మామ బతికున్నప్పుడు చెప్పేవాడు, వెనకటికి ఈ రుమాళ్లు అరబ్బు దేశాలకు పోయేవని, అక్కడివాళ్లు ఇసుక గాలికి తలకూ ముక్కుకూ చుట్టుకునేవారని, నూనె నూలు కాబట్టి దుమ్ము నిలవదని. నాగరాణి ఆ మాట వింటూ పెరిగింది. పొట్టు కాల్చే పొయ్యి ముందు కూర్చుని, ఆ పొగ పీలుస్తూ కూడా పెరిగింది.

చిన్నప్పటి నుంచే ఆమెకు ఆయాసం. పెండ్లి చేసి పంపిస్తే, ఉబ్బసం పిల్లను అంటగట్టారని ఏడాది తిరగకముందే ఆమె అత్తగారు తెచ్చి మా గడపలో దింపిపోయింది. మళ్లీ తీసుకుపోవడానికి వాళ్లు రాలేదు. పోతానని ఈమె అడగలేదు. కొన్నేళ్లు మగ్గం గుంటలో కూర్చుని నేసింది. తెలంగాణ వచ్చిన ఏడాది మా నేత సంఘంలో ఎగ్జిబిషన్‌కు పోయే మనిషి జబ్బుపడితే, “నేను పోత” అని లేచింది. ఊళ్లో మగవాళ్లు నవ్వారు. హైదరాబాదులో ఆమె ఒక్కతే అమ్మిన సరుకు చూశాక ఊరుకున్నారు.

అమ్మడం ఆమెకు ఆటలాగా ఉండేది. రుమాలు మీద గుప్పెడు బూడిద చల్లి, రెండు కొసలు పట్టి ఒక్క దులుపు దులిపేది. బట్టలోని తెలుపు తెల్లగానే మిగిలేది. “చూసిండ్రా మేడమ్, మీ ఊరి దుమ్ము మా రుమాలు ముందర నిలవది,” అనేది. జనం చప్పట్లు కొట్టేవారు. ఇంట్లో ఆమెను “తిరిగొచ్చిన పిల్ల” అనేవాళ్లు. అక్కడ “మేడమ్” అని పిలిచేవాళ్లు. ఆ తేడా నాకు తెలుసు కాబట్టి పోవద్దని నేనెప్పుడూ అనలేదు.

అట్లా కొన్నేళ్లు తిరిగాక ఒక కార్తీకంలో ఢిల్లీ పోయి వచ్చినప్పుడు మాత్రం ఆమె మూట విప్పలేదు. బస్సు దిగి ఇంటిదాకా నడవలేక దారిలో అరుగు మీద కూర్చుండిపోయింది. నేను పోయేసరికి భుజాలు పైకి లేస్తున్నాయి, దిగుతున్నాయి, మాట రావడం లేదు. సంచిలోని ఆయాసం పంపు రెండుసార్లు పీల్చినా లాభం లేకపోయింది. కిరాయికి కారు మాట్లాడి నేనూ మా ఆయనా నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు.

డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి చూసి, నన్ను పక్కకు పిలవకుండా ఆమె ముందే చెప్పింది. “నాగరాణీ, నీ ఊపిరితిత్తులు ఇప్పటికే సగం పనే చేస్తున్నయి. ఢిల్లీలో పీల్చినటువంటి గాలి ఇంకోసారి పీలిస్తే నేను ఏం చెయ్యగలనో నాకే తెల్వదు. చలికాలం అసుంటి ఊళ్లకు పోకు. ఇంట్ల పొగ దగ్గర కూడా కూర్చోకు.”

“రుమాలు కట్టుకునే ఉన్న మేడమ్. దుమ్ము రాదు అండ్లకెల్లి,” అంది నాగరాణి.

“నీ రుమాలు ఆపే దుమ్ము వేరు, ఇది వేరు,” అని డాక్టరమ్మ ఇంకో రోగి దగ్గరికి పోయింది.

ఆ మాటను మేం ముగ్గురం విన్నాం. నాగరాణి వినీ విననట్టే ఉంది. తాతల నాటి నమ్మకం ముందు డాక్టర్ మాట ఎంతసేపు నిలుస్తుంది?

ఫాల్గుణంలో అమరేందర్ వచ్చాడు. అతనిది పోచంపల్లి. ఎగ్జిబిషన్లకు మా సంఘం సరుకూ వాళ్ల సంఘం సరుకూ ఒకే దుకాణంలో పెడతారు, ఆ లెక్కన నాగరాణికి జోడీ. నన్ను అక్కా అంటాడు, ఆమెను రాణక్కా అంటాడు. రెండు జాగాల నుంచి పిలుపు వచ్చిందన్నాడు. ఒకటి ఢాకా, రెండోది కాఠ్మాండూ. కొలంబో ఈసారి చీరాల వాళ్లకు పోయిందన్నాడు.

“రాణక్క రాకపోతే రుమాళ్లు కొనేటోళ్లుండరు. నేను పోచంపల్లి చీరె అమ్ముత గాని, గీ నూనె వాసన బట్ట ఎట్ల అమ్మాల్నో నాకు రాదు,” అన్నాడు.

మా ఆయన మగ్గం ఆపి, “డాక్టరమ్మ వద్దన్నది గదా,” అన్నాడు. ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

“చలికాలం వద్దన్నది. చలికాలం పోయింది,” అంది నాగరాణి. “అన్నా, ఇంట్ల కూసుంటే నా ఊపిరి ఇంకా జల్ది ఆగుతది.”

నల్లగొండలో డిగ్రీ చదివే నా బిడ్డ మనీష ఆ రోజు ఇంట్లోనే ఉంది. “అయితే ఏ ఊరి గాలి మంచిగున్నదో చూసి పో అత్తమ్మా,” అంటూ ఫోన్ తీసింది. ఊళ్ల గాలిలో సన్నటి ధూళి ఎంత ఉందో గంట గంటకూ చూపించే యాప్ అది. మేమందరం మగ్గం చుట్టూ చేరాం.

“ఈ ధూళి కంటికి కనపడదు అత్తమ్మా. వెంట్రుకను అడ్డంగ ముప్పై పాళ్లు చేస్తే అందులో ఒక పాలంత ఉంటది. ముక్కుల ఆగది. సీదా ఊపిరితిత్తుల అడుగుకు పోతది.”

“వెంట్రుకను ముప్పై చీలికలు చేసేటోడు ఎవడే? తీసుకరా వాణ్ని. మీ అమ్మ ఆసు మీద నూలు పోసుడు వానికి అప్పజెప్త,” అంది నాగరాణి. అమరేందర్ పడీ పడీ నవ్వాడు.

మనీష ఒక్కో ఊరూ చూపించింది. గాలి బాగుంటే ఆకుపచ్చ, తర్వాత పసుపు, నారింజ, ఎరుపు, ఊదా. అన్నింటికన్నా చెడ్డ గాలికి మెరూన్.

“మెరూన్ మంచి రంగు గదనే. పెండ్లి చీరెకు అందరు అదే అడుగుతరు,” అంది నాగరాణి.

“నువ్వు ఢిల్లీల ఉన్నప్పుడు అదే రంగు చూపిచ్చింది, అప్పుడు నవ్వలేదు నువ్వు,” అంది మనీష.

లాహోరు చూశాం. ఆ నెలలో కూడా ఎర్రగా ఉంది. కోతలయ్యాక పొలాల్లో కొయ్యకాళ్లు కాల్చిన పొగ, గాలి ఎటు వీస్తే అటు అమృత్‌సర్‌కూ లాహోరుకూ మధ్య తిరుగుతుందని మనీష చెప్పింది. “ఆళ్లు ఇటు రావద్దు, మనం అటు పోవద్దు. పొగను అడిగేటోడు మాత్రం లేడు,” అన్నాడు అమరేందర్. ఢాకా ఎరుపుకూ ఊదాకూ మధ్య ఊగుతోంది. ఊరి చుట్టూ ఇటుక బట్టీలని నాగరాణికి తెలుసు, ఒకసారి పోయి వచ్చింది. కొలంబో ఆకుపచ్చ, మాకు అక్కరకు రాని ఆకుపచ్చ. చివరికి కాఠ్మాండూ తీసింది.

పసుపు.

“అరే, మన హైదరాబాదు లెక్కనే ఉన్నదిరా,” అంది నాగరాణి. “మంచుకొండల పక్కపొంటి ఊరు. ఆడ గాలి మంచిగ ఉండకపోతే ఇంకేడ ఉంటది?”

నాకూ అట్లాగే అనిపించింది. మనీష కూడా కాదనలేదు. అంతకు ముందటి రెండు రోజులూ అక్కడ వాన పడిందన్న సంగతి మాలో ఎవరమూ చూడలేదు. ఒక్కరోజు రంగు చూసి ఊరిని ఎంచుకున్నాం. పై మడత నచ్చి చీర కొనుక్కుని, ఇంటికి పోయి విప్పాక లోపలి నేత చూసి తల పట్టుకునేవాళ్లను మా వీధిలో ఎంతమందిని చూశామో. అయినా మేం అదే పని చేశాం.

పోయే ముందు మనీష టౌన్ నుంచి మాస్కుల ప్యాకెట్ తెచ్చింది, గట్టిగా గిన్నెలాగా ఉండేవి. “అత్తమ్మా, అవసరమైతే ఇవి పెట్టుకో, రుమాలు కాదు.” నాగరాణి ప్యాకెట్‌ను సంచి అడుగున పెట్టి, దాని మీద రుమాళ్లు సర్దింది. సికింద్రాబాదులో నేపాల్ సరిహద్దున ఉన్న రక్సౌల్‌కు రైలెక్కారు, అక్కడి నుంచి కొండల్లో బస్సు.

మొదటి రోజులు బాగానే గడిచాయి. హోటల్ నుంచి వీడియోలో కొండలు చూపించింది. “వదినె, గీ తెల్లగ మెరిసేది మంచు. నీ రుమాలు కంటే తెల్లగున్నది,” అని నవ్వింది. ఉగాది నాడు పచ్చడి తిన్నావా అని అడిగితే, మామిడికాయ దొరకలేదని, నిమ్మకాయ పిండుకుని అమరేందర్‌కు కూడా పెట్టానని చెప్పింది.

ఉగాది దాటాక ఒక పొద్దున మనీష ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. నా ముందు పెట్టింది. కాఠ్మాండూ ఊదారంగులో ఉంది. ఢిల్లీ నారింజ. లాహోరు నారింజ. ఢాకా ఎరుపు. ఆ రోజు అన్ని ఊళ్లలోకీ పైన ఉన్నది మేం ఏరికోరి పంపిన ఊరే.

“అడవులు తగలవడుతున్నయంటమ్మా. ఎండలకు ప్రతి ఏడు ఈ నెలల అంటుకుంటయంట. ఆ ఊరు గిన్నె లెక్కుంటది, చుట్టూ కొండలు. పొగ వస్తే వాన పడేదాక బయటికి పోదు.” ఫోన్ మళ్లీ చేతిలోకి తీసుకుంది. “నేను ఆ ఒక్కరోజే చూసిన.”

వెంటనే ఫోన్ చేశాం. నాగరాణి ఎత్తింది. వెనక నుంచి ఎగ్జిబిషన్ మైకు వినిపిస్తోంది.

“కొండలు కనపడ్తలేవు వదినె. ఎవరో తెల్ల తెర కట్టినట్టున్నది. బడులు బంద్ పెట్టిండ్రు,” అంది. “అయినా నీకో ముచ్చట చెప్పాల్నా? రుమాళ్లు ఎగబడి కొంటున్నరు. పొగకు మూతికి కట్టుకునేందుకు. బూడిద దులిపి చూపిస్తున్న, కుప్పలు కుప్పలు పోతున్నయి.”

“నీకెట్లుంది?”

“మంచిగనే ఉన్న.” ఆ రెండు మాటల నడుమ ఆమె ఊపిరి తీసుకుంది. చిన్న ఈల లాంటి చప్పుడు. పక్కనే పడుకుని ఏళ్ల తరబడి విన్న చప్పుడు అది, ఎంత దూరంలో ఉన్నా గుర్తుపడతాను.

“రాణీ, వచ్చెయ్. సరుకు పోతే పోనీ.”

“నాల్గొద్దులల్ల ఎగ్జిబిషన్ అయిపోతది. రుమాలు కట్టుకునే ఉన్న. ఫికర్ చెయ్యకు.”

ఆ రోజు నేను పొయ్యి దగ్గర ఏం వండానో గుర్తులేదు. మనీష గంట గంటకూ యాప్ తీసేది. అంకె దిగితే మా ఆయన మగ్గం చప్పుడు వినిపించేది, ఎక్కితే ఆగిపోయేది. ఆయన అడిగేవాడు కాదు, మా మొహాలు చూసి తెలుసుకునేవాడు.

తర్వాత జరిగింది నాగరాణి మంచం మీద పడుకుని మెల్లగా చెప్పింది. అమరేందర్ వేరుగా చెప్పాడు. ఇద్దరి మాటలూ ఒకటే.

మర్నాడు పొద్దున ఆమె కట్టుకున్న రుమాలు విప్పి, అలవాటు ప్రకారం వెలుగుకు పట్టి చూసింది. ఢిల్లీలో వచ్చినంత నలుపు లేదు. లోపలి వైపు, ముక్కుకు తగిలే చోట, దాదాపు తెల్లగానే ఉంది. బట్ట ఈ గాలి ఢిల్లీ కంటే మేలని చెబుతోంది. రొమ్ము మాత్రం ఢిల్లీ కంటే ఎక్కువ బిగుసుకుపోతోంది. ముక్కు చీదితే నల్లగా వచ్చింది. బట్టకు అంటనిది, కంటికి కనపడనిది, బట్టను దాటి లోపలికి పోయిందన్నమాట. నీ రుమాలు ఆపే దుమ్ము వేరు అని డాక్టరమ్మ అన్న మాట అప్పుడు ఆమె చెవిలో పడింది.

ఆమె రుమాలును మడిచి దుకాణం బల్ల మీద పెట్టి పక్కకు జరిగింది. బేరాలన్నీ అమరేందరే చూశాడు.

ఎండ ఎక్కే వేళకు ఒక ఆడ పోలీసు వచ్చింది. చౌరస్తాలో బండ్లను ఆపే పని ఆమెది. నీలిరంగు బట్టలు, చేతికి తెల్ల తొడుగులు, మూతికి పల్చటి నల్ల గుడ్డ. అది కిందికి లాగితే ముక్కు నుంచి గడ్డం దాకా అచ్చు పడి ఉంది. దగ్గుతోంది.

“దిదీ, దుమ్ము నిలవని బట్ట మీ దగ్గరుందంట. మా చౌరస్తాలో నిలబడేవాళ్లందరికీ కావాలి. పొద్దుమాపు అక్కడే ఉంటాం,” అని హిందీలో అడిగింది.

అమరేందర్ రుమాళ్లు కట్ట కట్టి ముందు పెట్టాడు. నాగరాణి చేయి అడ్డం పెట్టింది.

“దుమ్ముకు పనికొస్తది చెల్లె. ఈ పొగకు కాదు. నేను కట్టుకున్న, నన్ను జూడు,” అని తన ఎగ్జిబిషన్ హిందీలో చెప్పి, ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి పోవడం చూపించింది.

“రాణక్కా, ఏం మాట్లాడుతున్నవ్?” అన్నాడు అమరేందర్ తెలుగులో. “నిన్నటిదాక నువ్వే గదా బూడిద దులిపి అమ్మినవ్?”

“నిన్నటిదాక నాకు తెల్వది.”

“నువ్వు అమ్మకుంటే నేను అమ్ముత. ఆమెనే అడుగుతాంది, మనం బలవంతం చేస్తున్నమా?”

“చీరెలు అమ్ముకో తమ్మీ. ఇది మా వదినె చేత్తో పిసికిన నూలు. ఇది కట్టుకుంటే ఏం గాదని ఆమె రోడ్డు మీద నిలబడ్డదనుకో, ఇది లేనప్పటి కంటే ఎక్కువసేపు నిలబడ్తది.”

అమరేందర్ కోపంతో బయటికి పోయాడు. ఆ చివరి మాట మాత్రం తన వెంట వచ్చిందని తర్వాత నాతో ఒప్పుకున్నాడు.

నాగరాణి సంచి అడుగున చెయ్యి పెట్టి మనీష ఇచ్చిన ప్యాకెట్ తీసింది. అప్పటిదాకా చింపనే లేదు. ఒకటి తాను పెట్టుకుని, మిగిలినవన్నీ ఆ పోలీసు చేతిలో పెట్టింది. ఆమె డబ్బులు ఇవ్వబోతే తీసుకోలేదు. “ఇద్దరం ఒకే ఈల ఊదుతున్నం చెల్లె. నీ ఈల జేబుల ఉన్నది, నాది రొమ్ముల ఉన్నది,” అందట. ఆ పోలీసు నవ్వబోయి దగ్గిందని, దగ్గుతూనే సెల్యూట్ చేసిపోయిందని అమరేందర్ చెప్పాడు. అతను బయట స్తంభం చాటున నిలబడి చూస్తూనే ఉన్నాడు.

ఆ మధ్యాహ్నమే నాగరాణి బల్ల మీదికి ఒరిగిపోయింది. అమరేందర్ దుకాణం పక్కవాళ్లకు అప్పజెప్పి, ఆమెను దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఆవిరి మందు పట్టి, ఈ గాలిలో ఉంచితే తగ్గదు, కిందికి తీసుకుపొమ్మన్నారు. విమానానికి టికెట్లు తీసుకున్నాడు. విమానాశ్రయంలో కూర్చున్నారు. పొగకు రన్‌వే కనపడక విమానాలు దిగడం లేదు. పైన తిరిగి తిరిగి వేరే ఊళ్లకు పోతున్నాయి. చివరికి కారు మాట్లాడుకుని రోడ్డు మీద బయలుదేరారు.

మాకు తెలిసింది ఒక్కటే: “కారులో దిగుతున్నం, సరిహద్దు దాటినంక ఫోన్ చేస్త అక్కా.” అమరేందర్ హోటల్ వైఫై నుంచి చేసిన ఆఖరి ఫోన్ అది. ఆ తర్వాత ఇద్దరి ఫోన్లూ పలకలేదు.

పొద్దుపోయేదాకా, మళ్లీ తెల్లారి మధ్యాహ్నం దాకా, మేం ముగ్గురం ఆ ఒక్క ఫోన్ చుట్టూ తిరిగాం. మనీష రక్సౌల్ దారిలో ఉన్న ఊళ్లన్నీ యాప్‌లో వెతికింది. కొన్నింటికి అంకె లేదు, కొలిచే మిషనే లేదట. రంగు లేని ఊరు చూస్తే నాకు ఎరుపు కంటే ఎక్కువ భయం వేసింది. మా ఆయన మగ్గం గుంటలోంచి లేచి వాకిట్లో నిలబడ్డాడు. పక్కింటి నర్సింగమ్మ వచ్చి, “రాణి ఎప్పుడొస్తది?” అని అడిగితే, మంచినీళ్లు ఇచ్చి పంపించాను.

ఫోన్ మోగింది. మనీష చేతిలోంచి లాక్కున్నాను. అమరేందర్ గొంతు.

“అక్కా…”

ఆ ఒక్క మాట తర్వాత అతను ఆగాడు.

“రాణక్క మాట్లాడుతదంట, ఉండు.”

ముందు ఈల వినిపించింది. ఆ చప్పుడు ఎన్నోసార్లు నాకు నిద్ర లేకుండా చేసింది. ఆ రోజు అంత తియ్యగా ఇంకేదీ లేదనిపించింది.

“వదినె… మంచుకొండలు… పసుపురంగు… అంతా ఉత్తదే,” అంది.

రక్సౌల్‌లో ఒక పూట గొట్టం పెట్టించుకుని రైలెక్కారు. నల్లగొండలో డాక్టరమ్మ ఆమెను చూసి తిట్టలేదు. దాంతోనే నాకు అర్థమైంది. పోయిన ఊపిరి తిరిగి రాదని, ఉన్నదాన్ని కాపాడుకోవాలని చెప్పి, ఇంట్లో పెట్టుకోవడానికి ఆక్సిజన్ మిషన్ రాసిచ్చింది.

ఇంటికి వచ్చాక మూట నేను విప్పాను. ఆమె ముక్కుకు కట్టుకున్న రుమాలు అందులో ఉంది. తొట్టిలో నానేసి పిండితే నీళ్లు పల్చటి బూడిదరంగులోకి తిరిగాయి. రెండోసారికి తేటగా వచ్చాయి. తీగ మీద ఆరేస్తే కొత్తదానిలాగే ఉంది. నాగరాణి మంచం మీద నుంచి దాన్నే చూస్తోంది.

“రుమాలైతే మంచిగనే ఉతికినవ్ వదినె,” అంది.

నేను అక్కడ నిలబడలేక లోపలికి వచ్చేశాను.

వానాకాలం ఆమెకు మంచిగా గడిచింది. మనీష ఫోన్‌లో అన్ని ఊళ్లూ ఆకుపచ్చగా ఉండేవి, ఢాకా కూడా. “ఇప్పుడు పోయి రావాలె ఊళ్లన్నీ,” అని నవ్వేది. పొట్టు కాల్చే పొయ్యిని మా ఆయన ఊరి అవతల చెలకలో పెట్టాడు. ఎవరూ చెప్పకుండానే పెట్టాడు. ఆయన పొయ్యి రాళ్లు మోసుకుపోతుంటే నాగరాణి పిలిచి, “అన్నా, ముందుగాల ఎందుకు పెట్టలె?” అని అడిగింది. ఆయన రాయి కింద పెట్టి, మళ్లీ ఎత్తుకుని పోయాడు.

ఆమెకు ఒక్కటే పట్టుదల మిగిలింది. రుమాలుకు కుట్టే చీటీ మీద “దుమ్మును దరి చేరనివ్వదు” అని అచ్చు వేసి ఉంటుంది. దాన్ని మార్చాలంది. సంఘంలో ఒప్పుకోలేదు. తాతల కాలం నుంచి ఉన్న మాట, దాన్ని చూసే కొంటారు, మన సరుకును మనమే తక్కువ చేసుకుంటామా అన్నారు. ఆమె మంచం మీద నుంచే ఒక్కొక్కరికీ ఫోన్ చేసేది. రెండు మాటలు మాట్లాడి ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టేది. అవతలివాళ్లు ఆ ఈల వింటూ ఎదురుచూసేవాళ్లు. చివరికి మా సంఘానికి వచ్చి కూర్చుని గొడవపడింది అమరేందరే. “కాఠ్మాండూల నేను చూసిన, మీరు చూడలె,” అన్నాడట. ఇప్పుడు చీటీ మీద కింద ఇంకో వరుస ఉంటుంది: పొగను ఆపదు.

కొత్త చీటీ తెచ్చి చూపిస్తే ఆమె వేలితో రుద్ది చూసింది. “అచ్చు సన్నగున్నది. జర పెద్దగ వెయ్యమను,” అంది.

కార్తీకంలో, చలి మొదలైన వారంలో, పొద్దున చాయ్ తాగుతూ గ్లాసు నా చేతికిచ్చి, పండుకుంటానంది. నేను గ్లాసు కడిగి వచ్చేలోపే ఈల ఆగిపోయింది. దవాఖానకు పోయేదారిలోనే పోయిందని చెప్పారు గానీ, మా ఇంట్లోనే పోయిందని నాకు తెలుసు. ఆ రోజు మా వైపు గాలి పసుపు రంగులో ఉందని తర్వాత మనీష చూసి చెప్పింది. చెడ్డ గాలేం కాదు. తిట్టుకోవడానికి ఆ రోజు అంకె కూడా దొరకలేదు మాకు.

మనీష తన పాత ఫోన్ నాకిచ్చింది. అందులో ఆ యాప్ ఉంది. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను గానీ రంగులకు చదువు అక్కర్లేదు. పొద్దున నూలు పిసకడానికి కూర్చునే ముందు ఒకసారి తీస్తాను. ఢిల్లీ, లాహోరు, ఢాకా, కొలంబో చూసుకుంటూ పోతాను. కాఠ్మాండూ చివర చూస్తాను. పసుపు ఉన్నా నమ్మను, నిన్నటిదీ మొన్నటిదీ కూడా నొక్కి చూస్తాను. ఎరుపు ఉంటే ఆ రోజు నాకు చేతులు ఆడవు. అక్కడ ఒక చౌరస్తాలో నీలిరంగు బట్టల్లో ఒక ఆడమనిషి నిలబడి ఉంటుంది. ఆమె పేరేంటో నాగరాణి అడగలేదట. ఆ మాస్కులు ఎప్పుడో అయిపోయి ఉంటాయి.